ఇంటర్వ్యూకు ముందే వెనుదిరగవద్దు

పేరు చూసి పక్కన పెడతారన్న మన యువత భయం అకారణమైనది కాదు. సమాన అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువగానే వచ్చాయి. దీనికి చట్టపరమైన రక్షణ కోరవలసిందే.

ప్రభుత్వోద్యోగాల లెక్క వేరు. గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి కొలువులకు కేంద్రం 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలనే రద్దు చేసింది. సివిల్స్‌లో సైతం మొత్తం 2025 మార్కులలో ఇంటర్వ్యూకు 275 మాత్రమే. మెయిన్స్ తెలుగులోనో ఉర్దూలోనో రాసినవారు ఇంటర్వ్యూలోనూ ఆ భాషలోనే మాట్లాడవచ్చు. ఇంగ్లీషు రాదని ఆగిపోతున్న పిల్లలకు ఈ సంగతి చెప్పేవారేరీ?

బోర్డు సభ్యులు సొంత జిల్లా గురించి, దేశ వ్యవహారాల గురించి అభిప్రాయం అడుగుతారు; కంపెనీవారు చేసిన పనిని తరచి అడుగుతారు. రెంటికీ ఒకే తయారీ చాలదు. ఇక హిజాబ్ గురించో, పెళ్లి గురించో అడిగితే ఏమనాలో మన ఆడపిల్లలు ముందే ఆలోచించుకోవలసి రావడం అన్యాయం. అయినా, పని గురించే మాట్లాడదామని మర్యాదగా, తొణకకుండా చెప్పగలగాలి. అది సాధనతోనే వస్తుంది.

మసీదు కమిటీలు విశ్రాంత ఉద్యోగులను పిలిచి, జుమా తరువాత గంటసేపు నమూనా ఇంటర్వ్యూలు జరిపించలేవా? ఒక్క ఇఫ్తార్ విందుకయ్యే ఖర్చు కూడా దానికి అక్కరలేదు.