తుపాను మీదికే నెట్టేద్దామా?

విపత్తు రాగానే ‘దేవుని చిత్తం’ అనేయడం మనలో చాలామందికి అలవాటు. ఆప్తులను పోగొట్టుకున్న వారింట ఆ మాట ఓదార్పే కావచ్చు. బాధ్యుల నోట వస్తే మాత్రం మేము ఒప్పుకోలేం.

1944 డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్‌కు తూర్పున పసిఫిక్ సముద్రంలో జరిగింది చూడండి. మిండోరో దీవిలో దిగిన సైన్యానికి అండగా ఉన్న అమెరికా థర్డ్ ఫ్లీట్ ఇంధనం కోసం వెనక్కి వచ్చింది. అలల తాకిడికి గొట్టాలు తెగి ఆ పని సాగలేదు. తుపాను ఎటు వెళుతుందన్న అంచనాలు తప్పాయి. ఎలాగైనా సమయానికి తిరిగి దాడులకు వెళ్ళాలన్నది అడ్మిరల్ హాల్సీ పట్టుదల. 18వ తేదీన నౌకలు నేరుగా తుపాను నోట్లోకే వెళ్ళాయి. హల్, స్పెన్స్, మొనహన్ అనే మూడు డిస్ట్రాయర్లు బోల్తాపడి మునిగాయి. స్పెన్స్ ఇంధన ట్యాంకులు దాదాపు ఖాళీ. బరువు కోసం సముద్రపు నీరైనా నింపుకోవడంలో ఆలస్యమైంది. సుమారు 790 మంది చనిపోయారు. 146 విమానాలు ధ్వంసమో, సముద్రం పాలో అయ్యాయి.

బాధ్యత ప్రధానంగా హాల్సీదేనని విచారణలో తేల్చారు. అయితే యుద్ధ ఒత్తిడిలో జరిగిన పొరపాట్లంటూ శిక్ష జోలికి పోలేదు. 1945 జూన్‌లో ఆయన దళమే మళ్ళీ తుపానులో చిక్కింది! పిట్స్‌బర్గ్ క్రూయిజర్ ముందుభాగం 104 అడుగుల మేర ఊడిపోయింది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ప్రయాణం వద్దన్నాడు. ఆయన ఖైదీ కదా, ఎవరు వింటారు? శతాధిపతి నావికుడినీ ఓడ యజమానినీ నమ్మాడు. లూకా ఆ నిర్ణయాన్ని దేవుని మీదికి నెట్టలేదు; ఎవరు హెచ్చరించారో, ఎవరి మాట చెల్లిందో రాశాడు. అడ్మిరల్ నిమిట్జ్ కూడా 1945 ఫిబ్రవరిలో తన దళానికి లేఖ రాస్తూ తుపానును నిందించలేదు. చిన్న నౌకల కెప్టెన్లు పై ఆజ్ఞ కోసం చూడకుండా తమ ఓడను కాపాడుకోవాలన్నాడు.

మరి ఆ రాత్రి దేవుడెక్కడ? మేమైతే టాబరర్ అనే చిన్న యుద్ధనౌక వైపు చూపిస్తాం. దాని స్తంభం విరిగింది, రేడియో మూగబోయింది. అయినా చీకట్లో సర్చ్‌లైట్లు వేసి వెదుకుతూ, తెల్లవారాక కూడా వదలకుండా తిరిగి, నీళ్ళలో తేలుతున్న 55 మందిని పైకి లాగింది.