తవ్వినవారిని లెక్క అడగండి

పురావస్తు తవ్వకాలకు ప్రభుత్వ అనుమతి ఎందుకన్న వాదన తెలుగువారి ముందు నిలవదు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు అమరావతి స్తూపం రాళ్లు కట్టడాలకు తరలిపోయాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, తర్వాత లండన్‌కు ఓడెక్కాయి. 1880లో మద్రాసు గవర్నర్ ఆజ్ఞతో దిబ్బనంతా తోడించేశారు. మరుసటి ఏడాది పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మహాస్తూపం ఉండవలసిన చోట గొయ్యి మిగిలింది. ఏ ఫలకం ఏ దిక్కున, ఏ పొరలో దొరికిందో సరిగా రాసిపెట్టలేదు గనుక ఆ స్తూపం అసలు రూపాన్ని పండితులు ఇవాళ్టికీ చాలావరకు ఊహతోనే కూర్చుకుంటున్నారు. ఆ చివరి దెబ్బ కొట్టింది దొంగలు కాదు, సర్కారు. అనుమతికి లోటు లేదు, లేనిదల్లా లెక్క. మన అనుమతుల విధానంలో ఆ లోపం ఇప్పటికీ అలాగే ఉంది.

1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం, రక్షిత ప్రాంతం కాని చోట పురావస్తు తవ్వకం జరపాలన్నా రాష్ట్ర ప్రభుత్వం కేంద్రం ముందస్తు ఆమోదం పొందాలి. విశ్వవిద్యాలయాలూ ఆ దారిలోనే వెళ్లాలి. ఎవరు తవ్వాలి, ఎక్కడ తవ్వాలి అన్నదానిపై ఇంత పట్టు ఉన్న వ్యవస్థకు, తవ్విన తర్వాత పూర్తి నివేదిక వచ్చిందా లేదా అన్నదానిపై అంత పట్టు లేదు. నాగార్జునకొండనే తీసుకోండి. సాగర్ నీళ్లు ముంచేలోపు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ ఆ లోయను తవ్వింది. దేశం గర్వించదగ్గ పని అది. కానీ నివేదిక తొలి సంపుటం 1975లో వచ్చింది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న చారిత్రక యుగపు సంపుటం 2006లో వచ్చింది. అంటే 46 ఏళ్ల తర్వాత. ఆ స్థలం నీటి అడుగున ఉంది, మళ్లీ వెళ్లి సరిచూసుకునే వీలు ఎవరికీ లేదు. అలాంటి చోట నివేదిక ఒక్కటే సాక్ష్యం. అది రాని ఆ నాలుగున్నర దశాబ్దాలు ఆంధ్ర ప్రాచీన చరిత్ర చదివిన తరాలకు జరిగిన నష్టం.

తమిళనాడులోని కీళడి మరో కోణం చూపిస్తుంది. 2014-15లో అక్కడ తవ్వకం మొదలుపెట్టింది కేంద్ర శాఖే. తవ్వించిన అధికారిని 2017లో బదిలీ చేశారు. 2018 నుంచి రాష్ట్ర శాఖ పని అందుకుంది. తొలి రెండు విడతలపై ఆ అధికారి 2023 జనవరిలో ఇచ్చిన 982 పేజీల నివేదికను, కాలనిర్ణయంపై సవరణలు కోరుతూ 2025 మేలో వెనక్కి పంపారు. ఎవరి తేదీలు సరైనవో ఇక్కడ తేల్చబోవడం లేదు. దాన్ని తేల్చవలసింది లోకంలోని నిపుణులు, వాళ్లు తేల్చాలంటే నివేదిక ముందు బయటికి రావాలి. తవ్వేదీ, అనుమతులిచ్చేదీ, నివేదికను పరిశీలించేదీ ఒకే శాఖ అయినప్పుడు, ఎంత నిజాయతీగా అభ్యంతరం చెప్పినా జనం అనుమానిస్తారు.

లెక్క గట్టిగా అడగాలి, అనుమతి మాత్రం సులువుగా ఇవ్వాలి. అలా ఇస్తే గుప్తనిధుల ముఠాలు విజృంభిస్తాయని కొందరి భయం. ఆ ముఠాలు ఏనాడూ దరఖాస్తు పెట్టుకోలేదు, పెట్టుకోవు. వాళ్లకు పోలీసు కావాలి. ఇంకో వాదన కాస్త బలమైనది: భూమిలో ఉన్నది భద్రంగానే ఉంటుంది, తొందరెందుకు? నిజంగా భద్రంగా ఉంటే ఆ మాట ఒప్పుకోవచ్చు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం నుంచి ఎగిరొచ్చిన బూడిద పొర ఉంది. దానికి పైనా కిందా దొరికిన రాతి పనిముట్లపై దేశ విదేశీ శాస్త్రవేత్తలు కలిసి రాసిన పరిశోధన 2007లో ప్రపంచాన్ని ఆకర్షించింది. ఆ బూడిదనే వ్యాపారం కోసం తవ్వి అమ్ముకున్నారు. తెలంగాణలో రాకాసి గుళ్లనే ప్రాచీన సమాధులు క్వారీలకూ వెంచర్లకూ బలవుతూనే ఉన్నాయి. ఢిల్లీ ఆమోదం కావాలన్న నిబంధన పురావస్తు ప్రయోజనం కోసం తవ్వేవారికే. జేసీబీ తెచ్చినవాడికి వేరే అనుమతులు ఉండొచ్చు గానీ, రక్షిత కట్టడాల పరిసరాలు దాటితే, అడుగున ఏముందో ముందు చూపించమని అడిగే సాధారణ నిబంధన లేదు. పొరపొరా కొలిచి రాసుకునేవాడు ఎదురుచూస్తుంటే, చెరిపేసేవాడు సాగిపోతున్నాడు. ఇంగ్లండ్‌లో 1990 నుంచీ నిర్మాణ అనుమతి దశలోనే అడుగున ఏముందన్న పరిశీలన జరుగుతోంది.

నివేదికకు గడువు పెడితే నాణ్యత పోతుందన్నది మూడో అభ్యంతరం. ఎముకలు, గింజలు, బొగ్గు ప్రయోగశాలల్లో తేలడానికి ఏళ్లు పడతాయన్న మాట వాస్తవమే. అందుకే గడువు నెలల్లో కాక ఏళ్లలో ఉండాలి. గ్రీసు 2002 నాటి చట్టంలో ప్రచురణకు గడువులు పెట్టింది, అవి దాటితే తవ్వినవారి ప్రత్యేక ప్రచురణ హక్కు పోతుంది. మనమూ ఆ పని చేయవచ్చు. పాత నివేదిక బాకీ ఉన్నవారికి, అది ప్రభుత్వ శాఖ అయినా సరే, కొత్త స్థలం ఇవ్వకూడదు. నివేదిక రాయడానికయ్యే ఖర్చును తవ్వకం బడ్జెట్‌లోనే విడిగా కేటాయించాలి. దరఖాస్తుపై వానలు వెనకబట్టేలోపు అవుననో కాదనో కారణంతో సహా రాతలో చెప్పాలి, ఆ నిర్ణయం తీసుకునే సంఘంలో తవ్వకాలు జరపని నిపుణులకూ చోటుండాలి. ఈ పనికి కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. నివేదిక రాని తవ్వకాల జాబితాను స్థలం, సంవత్సరం, బాధ్యుల పేర్లతో కేంద్ర శాఖా, రెండు తెలుగు రాష్ట్రాల శాఖలూ ఇప్పుడే ప్రకటించవచ్చు.