పాత కంప్యూటర్‌ను మార్చే ముందు ఆలస్యం ఎక్కడుందో కొలవాలి

ఉదయం పదింటికి ఉద్యోగి వచ్చి కంప్యూటర్ ఆన్ చేసి, టీ తాగడానికి వెళ్తారు. తిరిగొచ్చేసరికి తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కౌంటర్ ముందు వరుసలో నిలబడ్డవారికి బాగా అలవాటైన మాటే మళ్లీ వినిపిస్తుంది: "సర్వర్ స్లోగా ఉందండీ, కాస్త ఆగండి." చాలాసార్లు తప్పు సర్వర్‌ది కాదు, బల్ల కింద ఉన్న డబ్బాది. అన్నీ పాతబడ్డాయి, మొత్తం మార్చాలంటూ పై అధికారులకు ప్రతిపాదన వెళ్తుంది. నిధులు రావు. మరో ఏడాది అలాగే గడిచిపోతుంది.

2025 అక్టోబరు 14 తర్వాత ఈ సమస్యను వాయిదా వేసే వీలు లేకుండా పోయింది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంటే 2017కు ముందు కొన్న కంప్యూటర్లలో అత్యధికం, ఎంత బాగా పనిచేస్తున్నా, ఈ గీతకు అవతలే ఉండిపోయాయి.

ఇప్పుడు కార్యాలయాలు రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేసే ప్రమాదం ఉంది. అన్నిటినీ ఒకేసారి తీసేయడం మొదటిది. ఏమీ చేయకుండా నెట్టుకురావడం రెండోది. మొదటిది డబ్బు వృథా, రెండోది భద్రతకు ముప్పు. కంప్యూటర్ కొన్న సంవత్సరాన్ని కాకుండా, అది చేసే పనిని, అందులో ఆలస్యం జరిగే చోటును, దానికి అందే భద్రతా అప్‌డేట్లను చూసి నిర్ణయం తీసుకోవాలి.

ఆలస్యం ఎక్కడ?

ఒకప్పుడు రెండు మూడేళ్లకే కంప్యూటర్ పాతదైపోయేది. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేస్తూ పోతే వేగం పెరుగుతుందని, అయినా చిప్‌లో ఒక్కో చదరపు మిల్లీమీటరుకు ఖర్చయ్యే విద్యుత్తు దాదాపు మారదని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. సుమారు 2005 నాటికి ఈ సూత్రం పనిచేయడం ఆగిపోయింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవైపోవడంతో వాటి గుండా విద్యుత్తు లీకవడం, వేడి పెరగడం మొదలైంది. అప్పటి నుంచి ప్రాసెసర్ల గడియార వేగం పాతకాలపు జోరుతో పెరగలేదు. కోర్ల సంఖ్య, పనితీరు మెరుగుపడిన మాట నిజమే. కానీ ఉత్తరాలు టైపు చేయడానికి, పట్టికలు నింపడానికి, వెబ్‌సైట్‌లో వివరాలు నమోదు చేయడానికి పదేళ్ల నాటి ప్రాసెసర్ సాధారణంగా సరిపోతుంది.

మరి అంత నెమ్మది ఎందుకు? చాలా పాత కంప్యూటర్లలో దోషం హార్డ్ డిస్క్‌ది. అందులో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంది, దాని మీద ఒక చెయ్యి అటూ ఇటూ కదులుతుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన సమాచారం చెయ్యి కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. చెయ్యి సరైన చోటికి చేరడానికి మరో 9 మిల్లీసెకన్లు కలిపితే మొత్తం 13. ఈలోగా 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం దాదాపు 4 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంతసేపూ ఆ ప్రోగ్రాం సమాచారం కోసం ఎదురుచూస్తూ ఉండాల్సిందే.

డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న 10,000 చిన్న ముక్కలను ఇలా ఒక్కొక్కటిగా చదవాలంటే రెండు నిమిషాలు దాటిపోతుంది. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలో ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు వేసుకున్నా, ఆ పని ఒక సెకనులో అయిపోతుంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టగానే కంప్యూటర్ కొత్తదానిలా అనిపించడానికి కారణం ఇదే.

రెండో దోషం ర్యామ్ తక్కువ కావడం. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో బ్రౌజర్ నాలుగైదు పేజీలు తెరిస్తే చోటు నిండిపోతుంది. చోటు చాలక కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి తోస్తుంది, మళ్లీ ఆ పళ్లెం దగ్గరే నిరీక్షణ మొదలవుతుంది. 8 జీబీ ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. కాబట్టి మూలన పడేసిన కంప్యూటర్లలోని ర్యామ్‌ను ముందుగా వెతకడం మంచిది. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మిగతావి ఇంకా చిన్నవి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే, థర్మల్ పేస్ట్ ఎండిపోతే ప్రాసెసర్ వేడెక్కుతుంది, కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏసీ లేని గదుల్లో మే నెలలో ఇది మరీ ఎక్కువ. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. దాంతో వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లనివిగా కనిపించి, సైట్లు తెరుచుకోవు. కొద్ది రూపాయల బ్యాటరీ వేస్తే సరిపోయేదానికి కంప్యూటర్ పాడైందని పక్కన పెట్టేస్తుంటారు.

భద్రత విషయంలో రాజీ వద్దు

మరమ్మతుతో వేగం వస్తుంది కానీ భద్రత రాదు. 2017 మే 12న వన్నాక్రై 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను స్తంభింపజేసింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది సోకినవాటిలో అత్యధికం విండోస్ 7వి. వాటికి కావలసిన అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చి 14నే వచ్చింది. వేసుకోనివారు నష్టపోయారు. అప్‌డేట్ ఉండి వేసుకోకపోతేనే ఇలా అయితే, అసలు అప్‌డేటే రాని కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి ఉంచడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

డబ్బు కట్టి గడువు పొడిగించుకునే వీలుంది. సంస్థలకు ఒక్కో కంప్యూటర్‌కు తొలి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు 427 డాలర్లు అవుతుంది, అది దాదాపు ఒక కొత్త కంప్యూటర్ ధర. తప్పనిసరైన ఒకటి రెండింటికి ఒక ఏడాది వాడుకోవడానికే ఇది పనికొస్తుంది.

బ్రౌజర్‌తోనే పని జరిగే చోట లైనక్స్ మెరుగైన దారి. ఉబుంటు, మింట్‌లతో పాటు సీ-డాక్ తయారుచేసిన బాస్ కూడా ఉంది. కేరళలో ప్రభుత్వ సంస్థ కైట్ 2019లో ఉబుంటు ఆధారిత వ్యవస్థను 2 లక్షలకు పైగా పాఠశాల కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలనూ దానికి తగ్గట్టే రాశారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇంత తయారీ కావాలి. తెలుగు కార్యాలయాల్లో మరో చిక్కు ఉంది. అను స్క్రిప్ట్ వంటి పాత ఫాంట్లలో ఉన్న దస్త్రాలు యూనికోడ్‌లోకి మారితేగానీ కొత్త వ్యవస్థలో చదవడం కష్టం. డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం, స్కానర్ కూడా ముందు ఒక్క కంప్యూటర్‌పై పరీక్షించి చూసుకోవాలి.

లెక్క వేస్తే

ఇరవై కంప్యూటర్లున్న ఒక కార్యాలయాన్ని ఊహించుకుంటే లెక్క తేలికగా అర్థమవుతుంది. కొత్తది 45,000 రూపాయలనుకుంటే అన్నీ మార్చడానికి 9 లక్షలు కావాలి. వాటిలో ఆరు విండోస్ 11కు అర్హమైనవి, తొమ్మిది బ్రౌజర్ పనికే వాడేవి, మిగతా ఐదు మదర్‌బోర్డు దెబ్బతిన్నవి లేదా భారీ పనులు చేయాల్సినవి అనుకుందాం. పదిహేనింటికి ఎస్‌ఎస్‌డీ, చిన్నపాటి మరమ్మతులకు 4,000 చొప్పున 60,000. కొత్తవి ఐదింటికి 2.25 లక్షలు. మొత్తం 2.85 లక్షలు, అంటే మూడో వంతు కంటే తక్కువ. ధరలు ఊరిని బట్టి మారినా ఈ పద్ధతి మారదు.

కొత్తవి కొంటే కరెంటు ఆదా అవుతుందన్న వాదనా ఉంది. అది నిజమే కానీ స్వల్పం. 40 వాట్లు తగ్గినా, రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులకు మిగిలేది 96 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలనుకున్నా ఏడాదికి వెయ్యి రూపాయలు కూడా రావు.

పారేసిన ప్రతి కంప్యూటర్‌కూ మరో ఖర్చు ఉంది, అది కార్యాలయం పద్దులో కనిపించదు. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనవి 22.3 శాతమే. ఢిల్లీ సీలంపూర్, ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్ వంటి చోట్ల బోర్డులను కాల్చి, ఆమ్లాల్లో ముంచి లోహాలు తీసే కార్మికుల ఊపిరితిత్తుల్లోకి చేరేది ఆ మిగతా భాగమే. అందుకే పనికిరాని వాటిని నమోదైన రీసైక్లర్లకే ఇవ్వాలి, ఇచ్చే ముందు డిస్క్‌లోని సమాచారాన్ని పూర్తిగా చెరిపేయాలి.

వీటన్నిటికీ మొదటి అడుగు పైసా ఖర్చు లేనిది. కంప్యూటర్ ఆగిపోయినట్టు అనిపించినప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే చాలు. డిస్క్ 100 శాతం చూపిస్తే కావలసింది ఎస్‌ఎస్‌డీ. మెమరీ నిండితే ర్యామ్. రెండూ ఖాళీగా ఉండి పేజీ మాత్రం రాకపోతే తప్పు నెట్‌వర్క్‌దో సర్వర్‌దో, అప్పుడు కొత్త కంప్యూటర్ కొన్నా ఆ వరుస కదలదు. కొనుగోలు ప్రతిపాదనలో సంవత్సరంతో పాటు ఈ మూడు అంకెలూ రాయాలని ప్రతి కార్యాలయం నియమం పెట్టుకుంటే, ఉన్న నిధులు నిజంగా అవసరమైన బల్లకు చేరతాయి.