ఆవపల్లి బిడ్డ ఎవరితో చెప్పుకోవాలి?

బడిపిల్లలను కొట్టరాదని, మానసికంగా వేధించరాదని పార్లమెంటు 2009లో శాసించింది. మీరిన ఉపాధ్యాయునిపై క్రమశిక్షణ చర్య తప్పదు. మరి తోటి విద్యార్థులే వేధిస్తే? కాలేజీల ర్యాగింగుపై యూజీసీ నిబంధనలున్నాయి. పాఠశాలలకు 2015లో సీబీఎస్ఈ ఒక సర్క్యులర్ పంపింది. అది ఆ బోర్డు బడులకే.

బస్తర్‌లో 2005 తర్వాతి హింసాకాండలో పల్లెబడులు మూతపడగా, ఆవపల్లి ప్రాంతపు పిల్లలెందరో పోర్టా క్యాబిన్ వసతి పాఠశాలల్లో చేరారు. ఇంట గోండి, దోర్లీ, తెలుగు, బడిలో హిందీ. యాసను గేలి చేసినా, ఆ గేలి సెల్‌ఫోనుకెక్కి ఊరంతా తిరిగినా, సాయంత్రం తల్లి ఒడి చేరే వీలు ఆ బిడ్డకు లేదు. వేధించేవాడూ పిల్లవాడే గనుక పోలీసులు మందు కారు. ప్రతి వసతి గృహంలోనూ పిల్లల భాష తెలిసిన పెద్దదిక్కు ఒకరుండాలి. ఆపాటి ఖర్చుకు ఢిల్లీ వెనుకాడితే విద్యాహక్కు కాగితానికే పరిమితం.