ఆర్కిడ్ కాయకు నెలల పట్టిక చాలదు



మీ పత్రిక ఇంటి తోటల పేజీలో ఆర్కిడ్ విత్తనాల గురించి వ్యాసం వేసినందుకు ముందుగా కృతజ్ఞతలు. తెలుగులో ఈ విషయం రాసేవారే తక్కువ. కానీ వ్యాసం చివర ఇచ్చిన పట్టిక మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఫెలనాప్సిస్‌కు ఇన్ని నెలలు, కాట్లియాకు ఇన్ని, వందాకు ఇన్ని అని వేసి, ఆ గడువు నిండగానే కాయ కోసేయమన్నారు. దాన్ని నమ్మి కత్తెర పట్టుకున్నవారిలో కొందరికి తడితడిగా ఉన్న తెల్లటి గుజ్జు దొరుకుతుంది. ఇంకొందరికి విత్తనమంతా గాలికి పోయి చీలిన తొక్క మిగులుతుంది. రెండు చోట్లా నెలల తరబడి చూసిన ఎదురుచూపు వృథా.

నెలల లెక్క ఎందుకు తప్పుతుందో చెబుతాను. మామిడి పువ్వు విచ్చేసరికే లోపల అండం సిద్ధంగా ఉంటుంది. చాలా ఆర్కిడ్లలో అలా ఉండదు. పుప్పొడి ముద్ద కీలాగ్రానికి అంటుకున్నాకే అండాలు తయారుకావడం మొదలవుతుంది. ఫెలనాప్సిస్‌లో అసలు ఫలదీకరణ జరగడానికే సుమారు రెండు నెలలు పడుతుంది. ఈలోగా పువ్వు వాడిపోతుంది, దాని వెనకున్న అండాశయం లావెక్కి చక్కటి కాయలా కనబడుతుంది. కాబట్టి కాయ లావును బట్టి లోపలి సంగతి చెప్పలేం. పొసగని రెండు రకాలను కలిపినప్పుడు నిండుగా ఊరిన కాయలో కూడా అంతా తాలే ఉండవచ్చు. పైగా ఎండ, వేడి, మొక్క బలం, దాని మీద ఉన్న కాయల సంఖ్య, ఇవన్నీ గడువును ముందుకో వెనక్కో జరుపుతాయి. విశాఖ డాబా మీద షేడ్‌నెట్ కింద పెరిగే మొక్కకూ, అరకు చలిలో పెరిగే దాని పిలకకూ ఒకే తేదీ ఎలా కుదురుతుంది?

వెనిల్లా సంగతే చూడండి. అదీ ఆర్కిడ్డే. చేత్తో పరాగసంపర్కం చేశాక ఎనిమిది తొమ్మిది నెలలకు కాయ కోతకొస్తుందని కేరళ, కర్ణాటక రైతులకు బాగా తెలుసు. అయినా ఆ రోజు రాగానే గుత్తి మొత్తం తెంపరు. కొసన పసుపు తిరిగిన కాయనే తీస్తారు, మిగిలినవాటి కోసం మళ్లీ మళ్లీ వస్తారు. ముందు కోస్తే సువాసన రాదు, ఆలస్యమైతే కాయ చీలి ధర పడిపోతుంది. వాణిజ్య పంటకే ఒక్కో కాయను చూసి కోయక తప్పడం లేదంటే, మన కుండీలో ఉన్న ఒకటి రెండు కాయలకు పట్టిక సరిపోతుందా?

మరి ఏం చూడాలి? ముదిరే కాయకు మొదట మెరుపు తగ్గుతుంది. నవనవలాడే ఆకుపచ్చ పాలిపోయి పసుపులోకి తిరుగుతుంది. నిలువు గీతలు స్పష్టంగా తేలతాయి. కాయ చీలేది ఆ గీతల వెంబడే గనక రోజూ ఒకసారి వాటిని పరికించాలి. రంగు తిరిగిన రోజే పల్చటి గుడ్డ సంచి గానీ టీ బ్యాగ్ కాగితం గానీ వదులుగా కట్టేస్తే, మనం చూడని పూట చీలినా విత్తనం అందులోనే ఉంటుంది. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఇంకో జాగ్రత్త: కాడ దగ్గర మొదలై వారం తిరక్కుండానే కాయంతా పసుపెక్కి మెత్తబడితే అది చాలాసార్లు పక్వం కాదు, మొక్క కాయను వదిలించుకోవడం. పండిన విత్తనం ముద్దకట్టకుండా పొడిపొడిగా రాలుతుంది. చిటికెడు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, పారదర్శకమైన తొక్క మధ్యలో కోలగా పిండం కనబడాలి. అది లేకపోతే తాలే.

వ్యాసం అసలు ఎత్తని సంగతి మరొకటి ఉంది. కోసిన విత్తనం ఎక్కడికి వెళుతుంది? ఆర్కిడ్ గింజలో మొలకకు కావలసిన తిండి నిల్వ ఉండదు. ప్రకృతిలో ఒక శిలీంధ్రం తోడుంటేనే అది మొలుస్తుంది. 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగార్ మీద, శిలీంధ్రం లేకుండానే మొలిపించి చూపాక ఆర్కిడ్ల పెంపకమే మారిపోయింది. నేటి ల్యాబ్‌లు చాలావరకు ఆ దారిలోనే నడుస్తున్నాయి. వాటిలో కొన్ని పండిన కాయను కాక పచ్చికాయనే అడుగుతాయి. చీలని కాయ లోపల సూక్ష్మజీవులు ఉండవు, పైతొక్కను శుద్ధి చేస్తే చాలు. నేలలో పెరిగే కొన్ని జాతుల్లోనైతే బాగా ముదిరిన గింజ తొక్క నీటిని రానివ్వదు, దోరగా ఉన్నప్పుడు తీసిందే బాగా మొలుస్తుంది. అందుకని కాయ పంపేవారు పచ్చికాయ కావాలో, ఎండు విత్తనం కావాలో ల్యాబ్‌ను ముందే అడగాలి.

పచ్చికాయ కోసేవారికి తేదీ తప్పక అక్కరకొస్తుంది, ఒప్పుకుంటాను. పండటానికి పట్టే కాలంలో మూడింట రెండు వంతులు గడిచాక కోయడం వాడుక. అప్పటికి కాయ పైకి ఏ గుర్తూ చూపదు. అయితే ఆ కాలం మన మొక్క ఇంతకుముందు తీసుకున్నది కావాలి. పరాగసంపర్కం చేసిన రోజునే తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు చీటీ మీద రాసి కాడకు కట్టమని మీ వ్యాసం ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పట్టికకంటే ఎక్కువ మేలు జరిగేది.

పట్టికలో వందా ఉంది గనక ఒక భయం కూడా చెప్పాలి. మన మామిడి కొమ్మల మీద పెరిగే వందా టెసెల్లాటాను బదనిక అని పీకిపారేసేవారు ఇప్పటికే ఉన్నారు. చెట్టు రసం పీల్చే బదనిక వేరు, కొమ్మను పట్టుకుని గాలిలోని తేమతో బతికే ఈ మొక్క వేరు. ఇప్పుడు నెలలు లెక్కపెట్టి దాని కాయలన్నీ తెంపడం కూడా మొదలైతే ఎలా? లక్షల గింజలుంటాయి కదా, పోతే ఏం అనుకోకూడదు. 1862లో డార్విన్ ఒకే ఒక్క ఆర్కిడ్ మొక్కకు 1,86,300 విత్తనాలు లెక్కగట్టాడు. అన్ని గింజలు వేసినా, సరైన బెరడూ సరైన శిలీంధ్రమూ దొరికి మొక్కయ్యేవి బహు కొద్ది. తోటలో దొరికిన కాయల్లో ఎక్కువ భాగం చెట్టుకే వదలాలి. అడవిలోవైతే అటవీ శాఖ అనుమతి లేకుండా తాకనే కూడదు.

వచ్చే సంచికలో ఆ పట్టికకు సవరణ వేయమని కోరుతున్నాను. నెలల అంకెలు ఉంచదలచుకుంటే ఉంచండి. పక్కనే పండిన కాయ, చీలుతున్న కాయ, రాలిపోబోయే కాయ ఫొటోలు మూడూ వేయండి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం