తెల్వదు అన్నాకే అసలు పని

పోలీసోళ్ల భాషలో ఒక లఫ్జ్ ఉంది: నామాలూమ్. ఎవరో తెలియని మనిషి, ఎవరిదో తెలియని లాష్. ఆ ఒక్క లఫ్జ్ పడ్డాక చాలా కాగితాలు అల్మారాలో నిద్రపోతాయి. ఈ మధ్య అదే లఫ్జ్‌ని ఒక పిల్లి విషయంలో మా మొహల్లా అంతా వాడింది. "ఏం మర్జో తెల్వదు, వదిలెయ్" అని. కిరాణా కొట్టు అన్న అన్నాడు, పై ఫ్లోర్ ఆంటీ అంది, నా సగా ఖాలా అంది. వాళ్లందరికీ కలిపి నా జవాబ్ ఇది.

పిల్లి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కర్మన్‌ఘాట్‌లో మా గల్లీ చివర చికెన్ సెంటర్ వెనక మోరీ పక్కన దొరికింది. ఏడెనిమిది నెలల ఆడపిల్లి, తెలుపు మీద నారింజ మచ్చలు. అమ్మీ దానికి గుల్లూ అని పేరు పెట్టింది. బాగానే తింటుంది, ఆడుతుంది. నాలుగైదు రోజులకోసారి మాత్రం వెనక కాళ్లు పట్టు తప్పి, ఒళ్లంతా వణికి ఒక పక్కకు పడిపోతుంది. పది నిమిషాల తర్వాత ఏమీ జరగనట్టు లేచి, వెళ్లి నీళ్లు తాగుతుంది.

మొదట తీసుకెళ్లిన క్లినిక్‌లో బుట్ట మూత కూడా తీయలేదు. "గల్లీదా? ఇట్లాంటివి బతకవు. ఇంజెక్షన్ ఇస్తే నిద్రలోనే పోతుంది" అన్నారు. ఏం మర్జ్ సాబ్ అని అడిగితే, తెలియదన్నారు. రెండో చోట ఒక డాక్టరమ్మ నేల మీద కూర్చుని గుల్లూని నడిపించి చూసింది. పడిపోయినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి తెమ్మంది. రక్తం తీసింది, షుగర్ చూసింది, పొటాషియం చూసింది, గుండె విన్నది, ఎక్స్‌రే తీసింది. తిన్నాక ఎక్కువవుతోందా అని అడిగి లివర్ పరీక్ష కూడా చేయించింది. అన్నీ సాఫ్‌గానే వచ్చాయి. ఆఖరికి ఆమె కూడా ఫైల్‌లో రాసింది: కారణం ఇంకా తెలియలేదు. కాకపోతే ఆ వాక్యం పైన ఒక లిస్టు ఉంది. ఇది కాదు, ఇది కాదు, ఇది కూడా కాదు అని.

నా తగాదా అంతా ఈ రెండు 'తెల్వదు'ల మధ్య ఉన్న తేడా గురించే. ఒకటి చూడకముందు అన్నది, ఇంకొకటి చూశాక అన్నది. చూడకముందు అన్నది బహానా. చూశాక అన్నది ఇల్మ్. ఎందుకంటే అందులో రేపు ఎక్కడ వెతకాలో రాసి ఉంటుంది. మనోళ్లు మొదటిదాన్ని పట్టుకొచ్చి రెండోదాని ఇజ్జత్ అడుగుతున్నారు.

గల్లీ పిల్లి రోగాలు చాలావరకు నామాలూమ్‌గా ఎందుకుంటాయి? మొదటి సంగతి, పిల్లి నొప్పిని దాచుకునే జానవర్. బాగా ముదిరితే గానీ బయటపడదు. రెండోది, దానికి పాత చరిత్ర చెప్పేవాళ్లు ఉండరు. నిన్న ఏం తిన్నది, ఎక్కడ పడ్డది, తల్లికి ఏ రోగం ఉండె, ఎవరు చెప్తారు? తల్లి కడుపుతో ఉన్నప్పుడు పాన్‌ల్యూకోపీనియా వైరస్ సోకితే పుట్టిన పిల్లలు జిందగీ అంతా తూలుతూ నడుస్తాయి. ఆ తూలుడు ముదరదు, ఇంకోదానికి అంటదు. అయినా "పిచ్చి పట్టింది" అని అట్లాంటి కూనను గోనెసంచిలో వేసేవాళ్లుంటారు. మూడోది, పరీక్షకు పైసలు ఇచ్చే మాలిక్ ఉండడు. అంటే మర్జ్ అంత గుప్తంగా ఏమీ లేదు. దాని కోసం ఎవరూ దీపం వెలిగించలేదు, అంతే.

దీపం వెలిగిస్తే ఏమవుతుందో ఒక మిసాల్ చెప్తాను. పిల్లుల్లో ఎఫ్ఐపీ అని ఒక జబ్బుంది. పేగుల్లో మామూలుగా ఉండే కరోనావైరస్ కొన్ని పిల్లుల్లో రూపం మార్చుకుంటుంది. పొట్టలో నీరు చేరుతుంది, జ్వరం దిగదు, కొన్నిటికి ఫిట్స్ కూడా వస్తాయి. దశాబ్దాల పాటు ఇది వస్తే ఇన్నాలిల్లాహ్ అనుకోవడమే. 2019లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకు ఇచ్చి చూసింది. వాటిలో 25 నిలబడ్డాయి. ఆ మందుకు సగా తోబుట్టువు రెమ్‌డెసివిర్. ఒంట్లోకి వెళ్లాక రెమ్‌డెసివిర్ మారేది ఈ మందుగానే. 2020 జూన్‌లో కొవిడ్ రోగుల కోసం కోవిఫర్ పేరుతో రెమ్‌డెసివిర్‌ను తెచ్చింది మన హైదరాబాద్ కంపెనీ హెటెరోనే. నిన్నటిదాకా 'బతకదు' అన్న రోగానికి ఇలాజ్ వచ్చింది. ఎవరో తెల్వదన్న చోట ఆగకపోవడం వల్లే వచ్చింది.

ఇక కానూన్ సంగతి. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం 1960లో వచ్చింది. ఆకలిదప్పులతో బాధపడేట్టు జానవర్‌ని వదిలేయడం దాని 11వ సెక్షన్ ప్రకారం జుర్మ్. మొదటిసారి చేస్తే జుర్మానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ పదితో ఇవాళ ఒక ఇరానీ చాయ్ కూడా రాదు. వీధి జంతువుల జనన నియంత్రణకు 2001లో తెచ్చిన నియమాల పేరులోనే బ్రాకెట్లో 'కుక్కలు' అని ఉండేది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. కాగితం మాట ఎట్లున్నా, మా గల్లీకి కుక్కల బండి వస్తుంది గానీ పిల్లి కోసం బండి వచ్చింది నేను చూడలేదు. లెక్కలో లేనిదానికి మర్జ్ కూడా లెక్కలో ఉండదు. అయితే గోనెసంచి భాయ్‌లు ఒకటి యాద్ పెట్టుకోవాలి. జానవర్‌ని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది.

మన ఇళ్ల మాట కూడా మాట్లాడుకుందాం. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన ఔరత్‌కి పడిన అజాబ్ గురించి మదర్సాలో పిల్లవాడిని అడిగినా చెప్తాడు. వజూ నీళ్ల గిన్నెను పిల్లి తాగడానికి వంచిన హజ్రత్ అబూ ఖతాదా ముచ్చట జుమ్మా బయాన్‌లో వింటాం. అబూ హురైరా అనే పేరులోనే పిల్లికూన ఉందని మురిసిపోతాం. అల్లా ఏ మర్జ్‌నీ దాని షిఫా లేకుండా దింపలేదన్న హదీస్‌ని మన ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే గుర్తు చేసుకుంటాం. మరి ఈ హదీసులన్నీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన వేలే గేటు గొళ్లెం ఎందుకు పెడుతున్నాయి? వేలు పోసి పర్షియన్ పిల్లిని కొని, దాని కళ్లు పుసి కడితే రాత్రికి రాత్రి ఇంకో గల్లీలో వదిలొచ్చే ఘరానా మనుషులూ మనలోనే ఉన్నారు. ముద్దు చేసినంత సేపు మొహబ్బత్, దగ్గిందంటే 'తెల్వదు'.

భయపడేవాళ్ల మాటలో నిజం లేదని నేను అనను. పిల్లి కరిచినా గీరినా రేబిస్ ప్రమాదం ఉంది. పావుగంట సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే టీకా కోసం దవాఖానాకు పోవాల్సిందే. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు టాక్సోప్లాస్మా భయం ఉంటుంది. ఆ క్రిమి పిల్లి మలంలో మామూలుగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలే వస్తుంది. వచ్చాక కూడా అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇంట్లో ఇంకొకరు రోజూ మట్టి ట్రే తీసేస్తే సగం ఫికర్ పోతుంది. సరిగా ఉడకని గోష్, కడగని ఆకుకూర వల్ల కూడా అదే వస్తుంది. ఆ రెండింటినీ ఎవరూ గోనెసంచిలో కట్టి పారేయరు కదా!

ఇంకో రకం ఉన్నారు, గల్లీ హకీమ్‌లు. రహమ్ ఉంటుంది, కానీ పరీక్ష అంటే పడదు. ఒళ్లు కాలుతోందని మనుషుల పారాసిటమాల్ గోళీ విరిచి నోట్లో వేస్తారు. ఆ మందును విరగ్గొట్టే తాకత్ పిల్లి లివర్‌కి లేదు. ఒక్క గోళీ చాలు, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి చనిపోతుంది. తర్వాత "ఏం మర్జో తెల్వలేదు పాపం" అంటారు. కుక్కలకు పేలు పోవడానికి పోసే పర్మెత్రిన్ మందు కూడా పిల్లికి జహర్. మగపిల్లి మూత్రం కోసం మళ్లీ మళ్లీ కూర్చుని చుక్క కూడా రాకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. దువాతో పాటు ఆటో కూడా పిలవాలి. రెండు రోజులు ఏమీ తినకపోతే కొవ్వు పేరుకుని లివర్ పాడవుతుంది. వీటిలో ఏదీ నామాలూమ్ కాదు. తెలుసుకునే తీరిక లేకపోవడమే.

అన్నిటికంటే గట్టి సవాల్ నా దోస్త్ ఒకడు వేశాడు. "మనుషులకే మందుల్లేవు, నువ్వు పిల్లికి ఎక్స్‌రే తీయిస్తున్నావా?" ఈ మాటకు నేను సలాం చేస్తాను, కానీ తల వంచను. వానాకాలంలో బస్తీల్లో పిల్లలకు జ్వరాలొస్తే ఏం జరుగుతుందో అతనికీ తెలుసు. పైసలున్న పిల్లవాడికి రక్తపరీక్ష, రోగానికి పేరు. లేనివాడికి "వైరల్, అదే పోతుంది" అనే మాట. ఇదీ అదే తెల్వదు. మాట్లాడలేనివాళ్లకు, కట్టలేనివాళ్లకు పరీక్ష అక్కర్లేదనే అలవాటు ఒకటే. అది పిల్లి బుట్ట దగ్గర ఒక మొహం, బస్తీ గడప దగ్గర ఒక మొహం పెట్టుకోదు. పిల్లి మీద ఖర్చు చేయని పన్నెండు వందలు బస్తీ పిల్లల చేతుల్లోకి పోయి ఉంటే నేను ఈ ముక్క రాసేవాణ్ణి కాదు. తెలుగులో పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనోడు అంటారు. పిల్లికి పెట్టనివాడు ఇంకెవరికీ పెట్టడనే కదా దాని మతలబ్!

ప్రాణం తీసే ఇంజెక్షన్ ఎప్పుడూ వద్దని కూడా అనను. ఇలాజ్ లేని నొప్పిలో ఉన్నదానికి అది రహమే. కానీ బుట్ట మూత తీయకుండా చెప్పేది రహమ్ కాదు, జాగా ఖాళీ చేయించడం.

మా ఊరి పేరు వెనక ఒక కిస్సా చెప్తారు. హనుమాన్ గుడిని కూల్చడానికి వచ్చిన ఔరంగజేబుకి "కర్ మన్ ఘట్" అని లోపల్నుంచి ఆవాజ్ వినిపించిందట. అంటే మనసు గట్టి చేసుకో అని. చరిత్రలో అది ఎంత నిజమో నాకు బహస్ లేదు. నాకు నచ్చింది ఆ మాట. మనసు గట్టిగా ఉండటం వేరు, రాయిగా మారడం వేరు. గల్లీలో వణుకుతున్న ప్రాణాన్ని దాటి పోవడానికి గట్టి మనసు అక్కర్లేదు. పేరు తెలియని మర్జ్‌తో నెలల తరబడి కూర్చోవడానికి కావాలి.

ఇప్పుడు గుల్లూ పడిపోయే ముందు మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మేం మెట్ల దగ్గర అట్టపెట్టె అడ్డం పెట్టాం. పడిన రోజు, టైము, ముందు ఏం తిన్నదీ ఒక కాపీలో రాస్తున్నాం. దాని మర్జ్‌కి ఈ రోజుకీ పేరు లేదు.

అందుకే అడుగుతున్నాను. డాక్టర్ సాబ్‌లారా, తెలియకపోతే తెలియదనే రాయండి, ఏం చూశాక తెలియలేదో కూడా రాయండి. కార్పొరేషన్ వాళ్లారా, పిల్లిని కూడా మీ రిజిస్టర్‌లోకి ఎక్కించండి. పడోసీ భాయ్‌లూ, ఆపాలూ, మీరు ఖర్చు పెట్టకండి, మోయకండి. ఫోన్ తీసి అది పడిపోయినప్పుడు ఒక నిమిషం వీడియో తీయండి, ఏ టైమో రాసి పెట్టండి. ఇలాజ్ అక్కడి నుంచే మొదలవుతుంది. అంతకంటే ముందు మాత్రం "తెల్వదు" అనొద్దు.