పుస్తకవిక్రేతకు మన ఋణము

కాగితపు పుస్తకమునకు కాలము చెల్లినదనియు, చేతిఫోనులో వేయి గ్రంథములు ఇముడుచుండగా అలమరలతో పనియేమనియు పలుకుట నేడు పరిపాటియైనది. పుస్తకమెఱుగనివారు పలికినచో ఈ మాటను ఉపేక్షింపవచ్చును. సంఘసంస్కరణమును కోరు విద్యావంతుల నోటనే వెలువడుచున్నది గావున మేము ఖండింపక తప్పదు.

వెల యిచ్చి కొన్న వస్తువు కొన్నవానిది కావలయును గదా! 2009 జులై మాసమున అమెజాన్ సంస్థ, ఆర్వెల్ నవలయగు 'నైన్టీన్ ఎయిటీఫోర్' ప్రతులను కొన్నింటిని, ప్రకటించినవారికి హక్కు లేదను కారణమున, కొన్నవారి కిండిల్ యంత్రములనుండి తొలగించినది. 2019లో మైక్రోసాఫ్టు సంస్థ తన పుస్తకవిక్రయశాఖను మూసివేయగా, అచట కొన్న గ్రంథములు చదువుటకు వీలులేక పోయినవి. ఉభయులును వెల తిరిగి యిచ్చిరి, నిజమే. పుస్తకము మాత్రము పోయినది. అంగడి మూతపడినంతమాత్రమున మన యింటి అలమరలోని భాగవతము మాయమగునా? తెరపై మనము కొనునది పలుమారు పుస్తకము కాదు, చదువుకొనుటకు అనుమతి మాత్రమే. తాతగారు పుటయంచున వ్రాసిన మాటను మనుమరాలు చదివి నవ్వుకొనుట, మెచ్చిన ప్రతిని పొరుగువారికి ఎరువిచ్చుట, తుదకు ఊరి గ్రంథాలయమునకు దానము చేయుట: ఈ యానందములు అనుమతిపత్రమునకు కలవా?

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారును, 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును నెలకొల్పినవారును, విద్య ఇంటింటికి చేరవలెనన్న పుస్తకము చేతికి చేరవలెనని ఎఱిగినవారు. ఆ భారమును నేడు మోయువారిలో చిన్న పుస్తకవిక్రేత యొకడు. ఏండ్ల తరబడి అమ్ముడుపోని కవితాసంపుటమును దుమ్ము దులిపి నిలుపుకొనువాడతడు. తెర మనము చదివినదానివంటిదానినే మరల చూపును; విక్రేత మనమడుగనిదానిని తెచ్చి చేతిలో పెట్టును.

అట్టివానికి మన గృహస్థులు చేయు సత్కారమేమి? అంగడికి పోయి, పుటలు తిరుగవేసి, పేరు గుర్తుంచుకొని, తక్కువ వెలకు ఫోనులో తెప్పించుకొందురు. పెండ్లివిందునకు లక్షలు వెచ్చించువారు రెండువందల రూపాయల పుస్తకమునకు తగ్గింపు అడుగుదురు. ఇది పొదుపా? కూర్చున్న కొమ్మను నఱకుకొనుట! ఫ్రాన్సుదేశమున 1981లోనే చట్టము చేసి, క్రొత్త పుస్తకముపై నూటికి ఐదుకు మించి తగ్గింపు ఈయరాదని నిర్ణయించిరి. పెద్ద వర్తకులు వెల తగ్గించి చిన్న అంగళ్లను మూయింపకుండుటకే ఆ కట్టుబాటు. మనకట్టి చట్టము లేదు. కొనువారి ధర్మబుద్ధియే చట్టము కావలయును.

తెరపుస్తకము నిరుపయోగమని మేమనము. చూపు మందగించినవారికి అది అక్షరమును పెద్దది చేయును. దొరకని పాతగ్రంథమును దూరదేశములనున్న తెలుగువారికి చూపును. అంగడి లేని పల్లెకు తోడగును. ఆ మేలు ఒప్పుకొనుచునే, ఉపకరణము వేరు, ఆస్తి వేరు అనుచున్నాము.

కావున చదువరులారా! శక్తి కలవారు నెలకొక పుస్తకమును నిండు వెలకు, మీ యూరి అంగడిలో కొనుడు. పిల్లలను వెంట తీసికొనిపొండు. తమకు నచ్చినదానిని వారినే ఎన్నుకొననిండు. గ్రంథాలయోద్యమ పెద్దల పటములకు దండలు వేయుటకంటె ఇది మేలైన పూజ.